మగ్గం గుంటలో భోజనం

మా బావ రామచంద్రయ్యకు పని మధ్యలో మగ్గం గుంటలోంచి లేవడమంటే నామోషీ. పొద్దున చాయ్ తాగి గుంటలో కాళ్ళు పెట్టాడంటే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే పైకి వస్తాడు. మధ్యాహ్నం మా అక్క సుగుణమ్మ కంచం తెచ్చి గుంట గట్టు మీద పెడుతుంది. ఈయన కాళ్ళు తొక్కుడు చెక్కల మీదే ఉంచుకుని, నేసిన చీర మీద పాత తువ్వాల పరుచుకుని, జొన్నరొట్టె, పచ్చిమిరపకాయలు దండిగా వేసి నూరిన పల్లీల పచ్చడి, దాని మీద ఇంత అన్నం గబగబా మింగేస్తాడు. కడుక్కున్న చేయి తడి ఆరకముందే అడ్డపోగు నడిపే నాడె అందుకుంటాడు. "వాళ్ళ నాయన గూడ గట్లనే తినేటోడు" అని మా అక్క గొప్పగా చెప్పేది. తండ్రి నుంచి ఈయనకు వచ్చిన ఆస్తిలో ఆ అలవాటొకటి.

గద్వాల నేతవాళ్ళ ఇళ్ళు చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ముందు గదిలో నేల తవ్వి గుంట చేసి, దాని మీద మగ్గం బిగిస్తారు. నేసేవాళ్ళు గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వేలాడేస్తారు. నేసిన బట్ట చుట్టుకునే కర్ర సరిగ్గా పొట్టకు ఎదురుగా ఉంటుంది. ముందుకు వంగి పోగు అందుకున్నప్పుడల్లా పొట్ట ఆ కర్రకు ఒత్తుకుంటుంది. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట ప్రతి పోగునూ చేత్తో మెలేసి కలపాలి. దాన్ని కుట్టు అంటారు. బావ నడిమి నూలు నేస్తే, పక్కన కూర్చుని అంచు కుట్టు వేసేది మా అక్క. ముప్పై ఏళ్ళుగా ఇద్దరిదీ ఒకటే మగ్గం. అక్క వంటకు లేచినప్పుడు ఈయన తెగిన పోగులు ముడేసుకుంటూ కూర్చుంటాడే తప్ప, ఆమె లేకుండా చీర ముందుకు జరగదు. ఈయన లేకపోతే ఆమెకూ అంతే.

నేను సుమనను, సుగుణమ్మ చెల్లెల్ని. వనపర్తి డిపోలో కండక్టర్‌ని. నాకు కోపం ముక్కు మీదుంటుందని మా ఇంట్లో పేరు. పెబ్బేరు సంత రోజున నిండు బస్సులో నిలబడి టికెట్లు కొట్టినవాళ్ళెవరైనా ఆ పేరు తెచ్చుకోకుండా ఉండలేరు. డ్యూటీ లేని రోజు, ఏదో ఒక వంకతో గద్వాల బస్సెక్కి అక్కను చూసి వస్తుంటాను.

పోయిన చలికాలంలో బావకు దగ్గు పట్టుకుంది. జలుబు లేదు, జ్వరం లేదు, కఫం లేదు. పొడి దగ్గు. నాలుగు పోగులు నేస్తే దగ్గు, మంచమెక్కి పడుకుంటే దగ్గు. పడుకున్నాక మరీ ఎక్కువ. గొంతు బొంగురుపోయి, పొద్దున లేచాక ఆయన మాట్లాడితే పక్కింటివాళ్ళు ఎవరో కొత్తమనిషి వచ్చాడనుకునేవాళ్ళు. వీధి చివర ఉండే ఆర్ఎంపీ రెండు మూడు రకాల మందునీళ్ళు తాగించాడు. అల్లం, మిరియాలు, తులసాకు, పసుపు పాలు, అన్నీ అయ్యాయి. దగ్గు కదల్లేదు.

అప్పుడు వీధి మొత్తం కలిసి రోగం పేరు పెట్టేసింది. నూగు. నూలు నేసేటప్పుడు ఎగిరే సన్నటి నూగు ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నారు. పక్క వీధిలో వెంకట్రాములు అనే నేతగాడు అంతకు ముందేడు దగ్గీ దగ్గీ పోయాడు. ఆయన్ను నూగే మింగిందని అందరూ అనుకున్నారు. ఆయన పొద్దస్తమానం బీడీలు కాల్చేవాడన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. వెంకట్రాములు మా బావకు చిన్ననాటి దోస్తు. ఆయన పాడె మోసి వచ్చిన మనిషి కాబట్టి, తనకు దగ్గు రాగానే బావ మనసులో ఆ పాడె మీద తననే పడుకోబెట్టుకున్నాడు. పైకి చెప్పలేదు గానీ తిండి తగ్గించాడు. మనిషి సన్నబడ్డాడు. చొక్కా వదులైంది.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి మగ్గం చప్పుడు లేదు. బావ గట్టు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు.

"ఏంది బావా, ఇయ్యాల సెలవు పెట్టినవా?" అని నవ్వుతూ అడిగాను.

"ఇగ అంతా సెలవే మరదలా. ఈ పడుగు అయిపోయినంక మగ్గం అమ్మేస్తున్న. రాజోలి వెంకటన్న తీసుకుంట అన్నడు. గుంట పూడ్పిస్త."

ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుని అక్క వైపు చూశాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ తల దించుకుంది. మగ్గం మీద ఇంకా కొన్ని చీరలకు సరిపడా నిలువు పోగుల పడుగు ఉంది. అది అయిపోగానే మగ్గం ఊడదీస్తారు. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర ఎవరిదో పత్తి విత్తనాల గోదాములో వాచ్‌మన్ పని కూడా మాట్లాడుకుని వచ్చాడట ఈయన.

"మరి అక్క ఏం చేస్తది?"

"ఏం చేస్తది, ఇంట్ల ఉంటది. ఇద్దరం సచ్చేదానికంటె ఒకరన్న బతకాలె కద. దానికి గూడ నూగు పడితే ఏం జేయాలె?"

నాకు ఒళ్ళు మండింది. "బావా, జర బుర్ర పెట్టి ఆలోచించు. అదే మగ్గం, అదే నూలు. అక్క నీ పక్కనే కూసొని గదే గాలి పీలుస్తది. మరి ఆమెకెందుకు దగ్గు రాలె?"

"ఆడోళ్ళ ఊపిరి గట్టిది" అన్నాడు.

 ఇంతకంటే ఆయన దగ్గర ఇంకో మాట లేదని తెలిసింది కాబట్టి మర్నాడే దవాఖానకు బయల్దేరదీశాను.

సర్కారు దవాఖానలో ఛాతీ ఎక్స్‌రే తీశారు, బలవంతాన దగ్గించి కఫం పరీక్ష చేశారు. క్షయ లేదన్నారు. గుండె పరీక్ష కూడా తీశారు, బాగానే ఉందన్నారు. ఇంకెవరైనా అయితే సంతోషంగా ఇంటికొచ్చి కోడిని కోసేవాళ్ళు. ఈయన బస్సులో నా పక్కన కూర్చుని, "ఎక్స్‌రేల నూగు కనవడదంట" అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే, "ఎవలు చెప్పేదేంది, గంత సన్నటిది ఎట్ల కనవడతది" అన్నాడు. తరవాత వనపర్తిలో ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఊదించి చూసి, కొన్నాళ్ళు పీల్చే మందు వాడించి, తేడా లేదని తెలిశాక ఒక ప్రశ్న వేశాడు. దగ్గు తిన్నాకా పడుకున్నాకా ఎక్కువవుతోందా అని. అవునంటే, "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఒకసారి కడుపు డాక్టర్‌కు చూపించండి" అని చీటీ రాసిచ్చాడు.

బావ బయటకు రాగానే ఆ చీటీ నా చేతిలో పెట్టాడు. "దగ్గుకు కడుపు డాక్టరేంది? కాలు నొస్తే కండ్ల డాక్టర్ కాడికి పోతరా ఎవరన్న? మనల్ని ఆగం చేస్తుండ్రు. నేను రాను." వారం రోజులు బతిమాలాను, తిట్టాను. చివరికి అక్క ఒక్క మాట అంది. "పోయి రా అయ్యా. నువ్వు పోకుంటే నేను నీకు కుట్టు వెయ్య." ఆ మాట పనిచేసింది.

కడుపు డాక్టర్ పేరు శ్రీవాణి. మహబూబ్‌నగర్ నుంచి వారానికోసారి వనపర్తికి వస్తుంది. ఆమె గది ముందు వరస పెద్దగా ఉంది. వరస జరిగేలోపు బావ ఉప్మా తిని, చాయ్ మీద చాయ్ తాగాడు. లోపలికి వెళ్ళాక ఆమె "చెప్పండి పెద్దాయనా" అనగానే, ఈయన రోగం పేరు కూడా తానే చెప్పేశాడు. "దగ్గు మేడమ్. నూగు పట్టింది. నేను నేతోన్ని."

ఆమె నవ్వలేదు. నూగు సంగతి కొట్టిపారేయనూ లేదు. "నూలు పనిచేసేవాళ్ళకు అట్లాంటి జబ్బు ఉండొచ్చు. మీ ఛాతీ డాక్టర్ అది చూసి, లేదనే రాశారు. ఇప్పుడు నేను అడిగినవి చెప్పండి. ఛాతీలో మంట ఉంటుందా?"

"ఉంటది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎన్నాళ్ళేంది మేడమ్, ఎప్పటికీ ఉంటది. తిన్నంక మండుడు అందరికుంటది కద. సోడ తాగుత."

"నోట్లోకి పుల్లటి నీళ్ళు వస్తాయా?"

"పొద్దున లేస్తే నోరు పుల్లగుంటది. వంగితే గొంతు దాంక వస్తది. గది గూడ అందరికి..."

"అందరికీ ఉండదు" అంది ఆమె. నేను బావ వైపు చూశాను. నెలల తరబడి తిరిగిన మనిషి ఏ డాక్టర్‌కూ ఈ సంగతి చెప్పలేదు. నాకూ చెప్పలేదు. దగ్గు జబ్బు కాబట్టి దగ్గు గురించి చెప్పాడు. మంట జబ్బు అని ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు. కూర కారంగా ఉండడమంత మామూలు సంగతి అది ఆయనకు. అన్నం మింగుతుంటే ఎక్కడైనా ఆగినట్టుంటుందా అని అడిగితే, అప్పుడప్పుడు రొట్టె ముక్క రొమ్ము కింద ఆగుతుందని కూడా అప్పుడే బయటపడింది.

డాక్టర్ ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి చొక్కా ఎత్తింది. పొట్ట చుట్టూ పాత నూలు గుడ్డ బిగించి కట్టి ఉంది. చుట్టలు చుట్టలుగా, వేలు దూరనంత బిగువు.

"ఇదేంటి?"

"నడుంకట్టు మేడమ్. దినమంత వంగి కూసుంటం కద. ఇది లేకుంటే నడుము నిలవడదు. మాకాడ పెద్దోళ్ళందరు కడతరు."

ఆమె ఆయన్ను లేపి కూర్చోబెట్టి, "మీరు మగ్గం దగ్గర ఎట్లా కూర్చుంటారో నాకు చూపించండి" అంది. బావకు ఉత్సాహం వచ్చింది. దవాఖానల చుట్టూ తిరగడం మొదలుపెట్టాక ఆయనకు తెలిసిన పని గురించి అడిగిన మొదటి మనిషి ఈమే. కుర్చీ ఆమె మేజా దగ్గరికి లాక్కుని, మేజా అంచు పొట్టకు ఆనేట్టు కూర్చున్నాడు. ముందుకు వంగాడు. కుడి చేత్తో తాడు లాగినట్టు, ఎడం చేత్తో పోగు బిగించే పన్నె కొట్టినట్టు, కాళ్ళు తొక్కినట్టు, మగ్గం లేకుండానే నేయడం మొదలుపెట్టాడు. అంచు పోగు అందుకోవడానికి ఇంకా వంగాడు. నేను నవ్వు ఆపుకుంటూ ఉండగానే ఆయనకు పెద్ద తేన్పు వచ్చింది. వెంటనే దగ్గు. ఒకదాని మీద ఒకటి, కళ్ళ వెంట నీళ్ళు కారేంత దగ్గు.

దగ్గు తగ్గాక డాక్టర్ అడిగింది. "ఇప్పుడు గొంతులోకి ఏమొచ్చింది?"

"పుల్లగ... చాయ్ లెక్క."

"ఈ గదిలో నూలుందా?"

బావ గది నాలుగు మూలలా చూశాడు. ఫ్యాన్ తిరుగుతోంది, గోడకు క్యాలెండర్ ఉంది. నూలు పోగు లేదు. ఆయన ముఖంలో నేను ఎన్నాళ్ళ నుంచో చూడనిది ఒకటి కనిపించింది. అనుమానం. అంతవరకు ఆయనకు తన రోగం మీద అనుమానమే లేదు.

అప్పుడు ఆమె చెప్పింది. అన్నం దిగే గొట్టానికీ కడుపు సంచికీ మధ్య ఒక బిగువు ఉంటుంది. సంచి మూతికి కట్టిన తాడులాంటిది. తిన్నది కిందికి పోనిస్తుంది, పైకి రానివ్వదు. ఆ బిగువు సడలితే కడుపులోని పులుపు పైకి ఎగదన్నుతుంది. కడుపుకు ఆ పులుపును తట్టుకునే పొర ఉంది, గొట్టానికి లేదు. అందుకని గొట్టం మండుతుంది, పుండు పడుతుంది. పులుపు గొంతుదాకా ఎక్కితే గొంతు బొంగురుపోతుంది, దగ్గు వస్తుంది. అంత పైకి ఎక్కకపోయినా, కింద గొట్టం మండితేనే దగ్గు రావచ్చు, ఎందుకంటే ఆ గొట్టానికీ ఊపిరి దారికీ పోయే నరం ఒకటే. కడుపు నిండా తిని, నడుముకు గుడ్డ బిగించి, పొట్టను కర్రకేసి ఒత్తుతూ వంగితే, నిండిన సంచిని పిసికినట్టే.

"అయితే ఇది గ్యాస్ అంతే కద మేడమ్?" అన్నాను నేను.

"అంతే అని ఇప్పుడే అనను. బరువు తగ్గారు, ముద్ద ఆగుతోంది అంటున్నారు. అట్లాంటప్పుడు ఉత్త మాత్రలిచ్చి పంపకూడదు. కెమెరా గొట్టం వేసి లోపల కళ్ళతో చూడాలి."

బావ ఆ మాటకు నీరుగారిపోయాడు. ఇంటికెళ్తూ బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే, "సుమనా, లోపల పెద్ద రోగముంటె మీ అక్కకు చెప్పకు" అన్నాడు. మరదలా అని కాకుండా పేరు పెట్టి పిలిచాడంటే మనిషి ఎంత భయపడ్డాడో నాకు అర్థమైంది. నాకూ భయమేసింది. చెప్పను అన్నాను. అక్కకు చెప్పకుండా ఉండడం నావల్ల కాదని ఇద్దరికీ తెలుసు.

పరగడుపున రమ్మన్నారు. గొంతులో ఏదో మందు కొట్టి తిమ్మిరెక్కించి గొట్టం దించారు. తలుపు బయటికి కక్కిన చప్పుడు వినబడింది. పని మాత్రం తొందరగానే అయిపోయింది. అన్నం దిగే గొట్టం కింది భాగం ఎర్రగా ఒరుసుకుపోయి ఉందని, పుండ్లు పడ్డాయని, మూతి బిగువు సడలిందని చెప్పారు. చెడ్డ గడ్డలేమీ లేవు. డాక్టర్ ఆ మాట అన్నాక నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. బస్సులో ఎన్ని తగాదాలు పడ్డా కంట తడి పెట్టని దాన్ని. బావ తిమ్మిరెక్కిన నాలుకతో, "ఏందే, ఏమైంది, ఏమన్నరు?" అని ఒకటే కంగారు.

మందు చీటీ చిన్నదే. పొద్దున ఏమీ తినకముందు ఒక గోలి, అరగంట ఆగి టిఫిన్. మిగతాదంతా బతుకు మార్చుకునే సంగతే. నడుంకట్టు తీసెయ్యాలి, కావాలంటే నడుముకు వెనక దిండు పెట్టుకోవాలి. తిన్న వెంటనే మగ్గం మీద కూర్చోకూడదు, పడుకోకూడదు. రాత్రి తిండి పెందలాడే అయిపోవాలి. మంచం తల వైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టాలి, రెండు దిండ్లు వేసుకుంటే సరిపోదు, అప్పుడు మెడే వంగుతుంది గానీ ఛాతీ ఎత్తుకాదు. చాయ్ తగ్గించాలి. తనకు ఏది తింటే మంట లేస్తుందో తానే కనిపెట్టుకుని అది మానాలి. ఆఖర్న ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పిన మాట ఇది. "మంట ముందు పోతుంది. దగ్గు పోవడానికి నెలలు పట్టొచ్చు. మధ్యలో మందు ఆపకండి."

ఇంటికెళ్ళి అక్కకు అంతా చెప్పాను. సంతోషపడుతుందనుకుంటే ముఖం మాడ్చుకుంది. "అంటే నేను గుంట కాడికి తెచ్చి పెట్టిన బువ్వనే ఆయన్ను తిన్నదన్నట్టు" అంది. నేను ఎన్ని చెప్పినా తల అడ్డంగా ఊపింది. ఆకలితో ఉన్న మొగుడికి కూర్చున్న చోటికి కంచం తెచ్చివ్వడం తప్పవుతుందని ఎవరికి తెలుసు? ఆ వీధిలో ప్రతి ఆడమనిషీ అదే చేస్తుంది. తెచ్చివ్వని ఆడమనిషిని వీధి ఆడిపోసుకుంటుంది కూడా.

మర్నాటి నుంచి అక్క కంచం గుంట దగ్గరికి తేలేదు. వంటింట్లో పీటలు వేసి, "బువ్వ ఈడుంది" అని కేకేసింది. "ఈడికి తే" అని ఈయన. "తేను" అని ఆమె. చాలాసేపు ఈయన తెగిన పోగులు ముడేస్తూ గుంటలోనే మొండిగా కూర్చున్నాడట. చివరికి ఆకలి గెలిచింది. పెళ్ళయ్యాక ఆ ఇద్దరూ మామూలు రోజున ఎదురెదురుగా కూర్చుని తిన్నది అదే మొదటిసారి. అక్క కంచంలో రొట్టె, ఇంత మజ్జిగ చూసి బావ, "నీకు పచ్చడేది?" అని అడిగాడట. "నాకు కారం పడదు" అందట అక్క. "ఎప్పటి సంది?" "ఎప్పటికీ పడదు." ఆ సంగతి ముప్పై ఏళ్ళ తరవాత తెలిసినందుకు ఆయనకు సిగ్గేసిందని నాకు తానే చెప్పుకున్నాడు. తిన్నాక మగ్గమెక్కకూడదు కాబట్టి ఇద్దరూ కోట గోడ వైపు నడిచి వచ్చేవాళ్ళు. "కొత్త పెండ్లి జంట పోతున్నరు" అని వీధి అరుగుల మీదివాళ్ళు ఎగతాళి. బావ ఆమెకంటే పది గజాలు ముందు నడిచేవాడు.

మంట నిజంగానే ముందు పోయింది. దగ్గు పోలేదు. మంట పోగానే ఈయన గోలి మానేశాడు, ఎవరికీ చెప్పకుండా. కొన్నాళ్ళకే మంట మళ్ళీ లేచింది. అక్క పోట్లాడి, రోజూ పొద్దున గోలి తానే చేతిలో పెట్టి, మింగాక నోరు తెరిపించి చూసేది. అయినా దగ్గు తగ్గీ తగ్గనట్టే ఉంది. ఇటు మగ్గం మీద పడుగు తరిగిపోతోంది. ఆఖరి చీరకు వచ్చేసరికి బావ మళ్ళీ పాత పాట ఎత్తుకున్నాడు.

"మంట కడుపుది. దగ్గు నూగుది. రెండు వేరు వేరు. లేకుంటే గోలికి మంట పోయి దగ్గెందుకు పోలె?"

"నెలలు పడుతదని ఆమె చెప్పింది కద బావా! నీ చెవులేడ పెట్టినవ్?"

"నెలలైతే అప్పటిదాంక ఉంటనో పోతనో. వెంకట్రాములు గూడ నెలలల్ల తగ్గుతదనే అన్నడు." అని రాజోలి వెంకటన్నకు ఫోన్ చేసి, ఆఖరి చీర నేసి కోశాక మగ్గం ఊడదీసుకుపోవడానికి రమ్మన్నాడు.

ఆ రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. చీర కోయడం అయిపోయింది. పడుగు అయిపోయినా, పోగులు దూరి వచ్చే అచ్చులో జానెడు పొడవు పోగుల తోక మిగులుతుంది. మగ్గం నడవాలంటే ఆ తోకకే కొత్త పడుగును పోగు పోగుకూ కలుపుతారు. దాన్ని అచ్చు అతకడం అంటారు. మగ్గం ఆపేయదలిస్తే ఆ పోగులు కోసి పారేస్తారు. కోసే పని బావ చేయలేకపోయాడు. "నేనొచ్చేలోపల కోసెయ్" అని అక్కకు చెప్పి, వెంకటన్నను తీసుకురావడానికి బస్టాండుకు పోయాడు.

నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి అక్క మగ్గం ముందు కూర్చుని ఉంది. పక్కన చిన్న గిన్నెలో బూడిద. మగ్గం మీద కొత్త పడుగు. తెల్లటి నూలు. పొద్దున్నే పోయి, తాము చీరలు నేసిచ్చే సావుకారి దగ్గర తెచ్చుకుందట. బావను అడగలేదు, నన్నూ అడగలేదు. పోగు జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత పోగుకు కొత్త పోగును మెలేస్తూ పోతోంది. తల ఎత్తలేదు.

కాసేపటికి బావ, వెంకటన్న వచ్చారు. వెంకటన్న కూడా నేతగాడే కాబట్టి గుమ్మంలోనే ఆగిపోయాడు. "రామచంద్రన్నా, అతుకుతున్న మగ్గాన్ని నేనెట్ల ముట్టుకుంట?" అన్నాడు.

బావకు కోపమొచ్చింది. "ఎవర్ని అడిగి తెచ్చినవే?"

అక్క చేయి ఆపకుండానే జవాబు చెప్పింది. ఆమె అంత పొడుగు మాట్లాడడం నేను అదే మొదటిసారి వినడం.

"ఎవర్ని అడగాలె? మగ్గం నీ ఒక్కనిదా? నడుమ నువ్వు నేస్తవు, అంచు నేను నేస్త. గిన్నేండ్లు నీ పక్కన కూసొని గదే గాలి పీల్చిన. నూగే అయితే ఇద్దరం పోతం, పోనీ. నువ్వు గోదాము కాడ కుర్చీల కూసొని దగ్గుకుంట, నేను ఈ పూడ్సిన గుంట మీద సాప ఏసుకొని నువ్వు ఎట్లున్నవో అని ఎదురుచూసుకుంట బతకాల్నా? గట్ల నా తోని కాదు. నీకు సావంటె భయం. నాకు నువ్వు లేని దినమంటె భయం. మగ్గం అమ్మితే ఏ భయం పోతదో చెప్పు, నేనే కోసేస్త."

  వెంకటన్న చెప్పులు విప్పుకుని గోడ పక్కన చతికిలబడి, "చెల్లె, జర చాయ్ పెట్టు" అని నాతో అన్నాడు. నేను చాయ్ పెట్టి తెచ్చేసరికి బావ అక్కకు ఎదురుగా కూర్చుని, రెండో అంచు నుంచి పోగులు అందుకుంటున్నాడు. "నువ్వు జర ఆగు, కండ్లు గుంజుతయ్" అన్నాడు ఆమెతో. ఆమె ఆగలేదు. ఆయన మధ్యలో రెండుసార్లు దగ్గాడు. వెంకటన్న చాయ్ తాగి, బస్సు టైమైందని లేచి వెళ్ళిపోయాడు.

కొత్త పడుగు మీద చీరలు నేస్తూ ఉండగా ఎండలు ముదిరాయి. నేను డ్యూటీల్లో పడి చాన్నాళ్ళు గద్వాల పోలేకపోయాను. మొన్న వెళ్ళినప్పుడు బావ బయటికెళ్ళాడు. అక్క నూలు కండెలు చుట్టుకుంటోంది. దగ్గెట్లా ఉందని అడిగాను.

"ఏమో, ఎప్పుడు పోయిందో తెల్వదు" అంది. కాసేపు కండె చుట్టి, మళ్ళీ చెప్పింది. "ఒకనాడు నడిరాత్రి దిగ్గున మెలకువొచ్చింది సుమనా. ఏంది, ఎందుకు లేసిన అని చూస్తే, దగ్గు ఇనవడుత లేదు. నాకు పానం పోయినంత పనైంది. లేసి, ఆయన ముక్కు కింద వేలు పెట్టి చూసిన."

"ఇంకేం, ఉన్నడు కద" అన్నాను.

"ఉన్నడు. మంచిగ పండుకున్నడు." అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అయినా రోజు లేస్తనే ఉన్న. వేలు పెట్టి చూసి, మళ్ళ పండుకుంటున్న."